సర్రసీనియాకు చలికాలం కల్పించడం: వేడి ప్రాంతంలో సమశీతోష్ణ కూజా మొక్కల పెంపకం

కూజా మొక్క అనగానే మనలో చాలామందికి నర్సరీల్లో వేలాడే కుండీల్లో కనిపించే నెపెంథిస్ గుర్తుకు వస్తుంది. ఆకు కొస నుంచి సన్నని తీగ సాగి, దాని చివర కూజా వేలాడే ఆ మొక్క ఉష్ణమండలానికి చెందినది. మేఘాలయ కొండల్లో పెరిగే నెపెంథిస్ ఖాసియానా ఆ ప్రజాతిలో మన దేశానికి ఉన్న ఏకైక జాతి. ఈ వ్యాసంలో చెప్పబోయేది వేరే మొక్క గురించి. నేలలోని కొమ్ము (అల్లం కొమ్ములాంటి దుంప) నుంచి గొట్టాల్లాంటి ఆకులు నిటారుగా లేచి, పైన మూతతో నిలబడే సర్రసీనియా ఉత్తర అమెరికా తూర్పు భాగానికి చెందిన సమశీతోష్ణ మొక్క. ఏడాదిలో మూడు నాలుగు నెలలు చలిలో విశ్రాంతి తీసుకోవడం దాని జీవితంలో భాగం. అలాంటి మొక్కను హైదరాబాదులోనో విజయవాడలోనో డాబా మీద పెంచాలనుకునేవారు ముందుగా తెలుసుకోవలసినది ఈ తేడానే, ఎందుకంటే నెపెంథిస్‌కు పనికివచ్చే సలహాల్లో సగానికి పైగా సర్రసీనియాకు హాని చేస్తాయి.

మన ఎండకు ఈ మొక్క బతకదన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఆ మాటలో నిజం కొంతే ఉంది. సర్రసీనియా జాతుల్లో ఎక్కువ భాగం మెక్సికో సింధుశాఖ తీరాన, అంటే అలబామా, మిసిసిపి, ఫ్లోరిడా పశ్చిమ భాగం, లూసియానా ప్రాంతాల్లో పెరుగుతాయి. అక్కడి వేసవి పగళ్లు 32, 33 డిగ్రీలు దాటుతాయి, రాత్రులు 23 డిగ్రీలకు తక్కువ కాకుండా ఉక్కపోతగా ఉంటాయి. మన కోస్తా వర్షాకాలానికీ దానికీ పెద్ద తేడా లేదు. కాబట్టి వేడి దానికి కొత్త కాదు. మన దగ్గర దాన్ని చంపేవి మూడు: ఉప్పులూ సున్నమూ నిండిన నీరు, కాలిపోయే కుండీలో ఉడికిపోయే వేర్లు, చలికాలం లేకపోవడం. మొదటి రెండూ వారాల్లోనో నెలల్లోనో బయటపడతాయి కనుక పెంచేవారు వాటిని గుర్తించి సరిదిద్దుకుంటారు. మూడోది అలా కనిపించదు. మొదటి ఏడు మొక్క బాగానే ఉంటుంది, రెండో ఏడు కూజాలు చిన్నవవుతాయి, మూడో ఏడు వానలు మొదలయ్యేసరికి కొమ్ము మెత్తబడి మొక్క పోతుంది, దానికి కారణం ఎండ అనుకుని ఊరుకుంటారు. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు చలికాలానికే కేటాయించాను.

పుట్టిన నేల చెప్పే విషయాలు

సర్రసీనియా అవసరాలన్నీ అది పుట్టిన నేలను గమనిస్తే అర్థమవుతాయి. పొడవాటి సూదులాంటి ఆకులుండే లాంగ్‌లీఫ్ పైన్ చెట్లు దూరం దూరంగా నిలిచిన గడ్డి మైదానాల్లో, నీరు ఊటగా పారుతూ ఎప్పుడూ తడిగా ఉండే ఇసుక నేలల్లో ఇది పెరుగుతుంది. ఆ నేల ఆమ్లగుణం కలది, నత్రజని, భాస్వరం అందులో దాదాపు ఉండవు. ఆ లోటును పూడ్చుకోవడానికే మొక్క ఆకును గొట్టంగా మలచుకుని పురుగులను పట్టడం నేర్చింది. మెరుపుల వల్ల రేగే మంటలు కొన్నేళ్లకొకసారి పొదలను, ఎత్తైన గడ్డిని కాల్చివేయడం వల్ల దాని మీద నీడ పడేది కాదు. మంట పైనుంచి పోయినా నేలలోని కొమ్ము బతికి మళ్లీ చిగురించేది. శీతాకాలంలో రాత్రి ఉష్ణోగ్రత 5 డిగ్రీల ప్రాంతానికి దిగుతుంది, అప్పుడప్పుడు మంచు గడ్డకడుతుంది.

దీన్ని మన భాషలోకి మార్చుకుంటే ఐదు నియమాలు వస్తాయి: ఎరువు వేయకూడదు, మామూలు మట్టి వాడకూడదు, వేర్లు ఎండకూడదు, నేరుగా ఎండ తగలాలి, చలికాలంలో పడుకోవాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా మిగతా నాలుగూ సరిగా చేసిన ఫలితం దక్కదు.

ఏ జాతిని ఎంచుకోవాలి

వేడి ప్రాంతంలో పెంచేవారికి దక్షిణాన పుట్టిన జాతులే మేలు. సర్రసీనియా మైనర్ ఫ్లోరిడా మధ్యభాగం వరకు, అంటే ఈ ప్రజాతిలో అన్నిటికంటే దక్షిణానికి విస్తరించిన జాతి. దాని మూత గొట్టం నోటి మీదికి వంగి ఉంటుంది, మూత వెనుక తెల్లని పారదర్శకమైన మచ్చలుంటాయి, లోపలికి వెళ్లిన పురుగు ఆ వెలుగునే దారి అనుకుని అటు ఎగిరి గోడకు తగిలి కింద పడుతుంది. సర్రసీనియా సిట్టసీనా నేల మీద చక్రంలా పరుచుకుని పెరుగుతుంది, కొన్నాళ్లు నీట మునిగినా తట్టుకుంటుంది కాబట్టి మన వర్షాకాలానికి సరిగ్గా సరిపోతుంది. టెక్సస్ ఆగ్నేయ భాగం నుంచి అలబామా వరకు పెరిగే సర్రసీనియా అలాటా, తెల్లని పైభాగం మీద ఎర్రని ఈనెలతో మెరిసే సర్రసీనియా ల్యూకోఫిల్లా కూడా వేడికి ఓర్చుకునేవే. ల్యూకోఫిల్లా తన అందమైన కూజాలను శరదృతువులో వేస్తుంది. అది మన దగ్గర వానలు వెనక్కి తగ్గి ఆకాశం తేటపడే సెప్టెంబరు, అక్టోబరు నెలలతో కలిసిరావడం మనకు అనుకూలించే విషయం. ఈ జాతుల మధ్య చేసిన సంకరాలు సాధారణంగా తల్లి మొక్కల కంటే మొండిగా ఉంటాయి, మొదటిసారి పెంచేవారికి నేను సూచించేది వాటినే.

కొన్నిటి జోలికి వెళ్లకపోవడం మంచిది. కెనడా దాకా వ్యాపించిన సర్రసీనియా పర్‌ప్యూరియా ఉత్తరాది రకానికి దీర్ఘమైన చలి కావాలి. అదే జాతిలోని దక్షిణాది రకమైన వెనోసా అయితే ప్రయత్నించవచ్చు. అలబామా, జార్జియా కొండ ప్రాంతాల సర్రసీనియా ఓరియోఫిలా అరుదైనది, చలి కోరేది. కాలిఫోర్నియా, ఓరెగాన్ కొండవాగుల పక్కన పెరిగే డార్లింగ్‌టోనియాకు వేర్ల చుట్టూ ఎప్పుడూ చల్లని నీరు పారుతుండాలి, రాత్రులు చల్లగా ఉండాలి. దాన్ని దక్కను పీఠభూమి మీద డాబాపై పెంచడం సాధ్యమని చెప్పలేను. పడమటి ఆస్ట్రేలియా నైరుతి మూలన పుట్టిన సెఫలోటస్ కూడా ఉక్కపోత రాత్రుల్లో మొదలు దగ్గర కుళ్లిపోయే స్వభావం ఉన్నది.

నీరు

మొక్క కొనే ముందే కొనవలసిన వస్తువు టీడీఎస్ మీటర్. కొన్ని వందల రూపాయలకు దొరికే ఈ చిన్న పరికరం నీటిలో కరిగి ఉన్న లవణాలను పీపీఎంలలో చూపిస్తుంది. సర్రసీనియాకు 50 లోపు ఉంటే నిశ్చింత, 100 వరకు సర్దుకోవచ్చు, ఆ పైన ఉన్న నీరు మొక్కకు మెల్లగా విషమవుతుంది. మన నగరాల్లో బోరు నీరు 500 దాటడం మామూలే, చాలా చోట్ల 1000 కూడా దాటుతుంది. ఆ నీటిని కాచినా, వడకట్టినా, ఎండలో పెట్టినా లవణాలు పోవు. గాలికి పైనీరు ఆవిరై ఉప్పు మాత్రం కుండీలోనే నిలిచిపోతుంది కనుక రోజులు గడిచేకొద్దీ సాంద్రత పెరుగుతూ పోతుంది. కుండీ అంచు మీద, నాచు కొసల మీద తెల్లని పొర కనిపించిందంటే నష్టం మొదలైనట్టే.

అన్నిటికంటే మంచి నీరు వాన నీరే. నూరు చదరపు అడుగుల డాబా మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే నష్టాలు పోను 200 లీటర్ల వరకు పట్టుకోవచ్చు. కాబట్టి జూన్ నుంచి అక్టోబరు లోపు రెండు మూడు డ్రమ్ములు నింపుకోవడం కష్టం కాదు. సీజనులో మొదటి వానను, ప్రతి వానలో మొదటి పది నిమిషాల నీటిని వదిలేయాలి. దుమ్ము, పక్షుల రెట్టలు, సిమెంటు పొడి అందులోనే కొట్టుకొస్తాయి. డ్రమ్ము ముదురు రంగు ప్లాస్టిక్‌ది అయితే పాచి పట్టదు, మూతి మీద సన్నని దోమతెర బిగించడం తప్పనిసరి.

వాన నీరు అయిపోయే వేసవిలో ఇంట్లోని ఆర్వో యంత్రం ఆదుకుంటుంది. అయితే చాలా యంత్రాల్లో రుచి కోసం లవణాలను తిరిగి కలిపే ఏర్పాటు ఉంటుంది, అలాంటప్పుడు బయటికి వచ్చే నీరు 100 నుంచి 150 దాకా చూపించవచ్చు. ఆ ఏర్పాటుకు ముందు నుంచి నీరు తీసుకునేలా మెకానిక్ చేత చిన్న గొట్టం పెట్టించుకోవచ్చు. యంత్రం వదిలేసే వ్యర్థజలం మాత్రం బోరు నీటి కంటే ఉప్పగా ఉంటుంది, దాన్ని ఈ మొక్కల దరిదాపులకు రానీయకూడదు. ఏసీ గొట్టం నుంచి కారే నీటిలో లవణాలు తక్కువే, వేసవిలో అది సమృద్ధిగా దొరుకుతుంది కూడా. కాకపోతే లోపలి దుమ్ము, లోహపు రేణువులు కలిసే అవకాశం ఉంది కనుక దాన్నే పూర్తిగా నమ్ముకోకుండా ఆర్వో నీటితో కలిపి వాడడం నయం. కొనుక్కునే ఇరవై లీటర్ల క్యాను నీటి మీద ఏం రాసి ఉన్నా మీటర్ ముంచి చూశాకే పోయాలి.

నీరు పెట్టే పద్ధతి సులభం. కుండీని వెడల్పాటి పళ్లెంలో నిలిపి, పెరిగే కాలంలో పళ్లెంలో రెండు మూడు సెంటీమీటర్ల నీరు ఎప్పుడూ ఉండేలా చూడాలి. నెలకోసారి పైనుంచి ధారాళంగా నీరు పోసి, కింద చేరిన నీటిని పారబోస్తే పేరుకున్న లవణాలు కొట్టుకుపోతాయి.

పళ్లెంలో నిలిచే నీరు మన ఊళ్లలో డెంగీ దోమకు నిలయమవుతుందన్న విషయాన్ని ఏ మాత్రం తేలికగా తీసుకోకూడదు. మూడు నాలుగు రోజులకోసారి నీరు మార్చాలి, మార్చిన ప్రతిసారీ పళ్లెం లోపలి గోడలను పీచుతో గట్టిగా రుద్దాలి. ఎందుకంటే ఈడిస్ దోమ తన గుడ్లను నీటి మట్టానికి కాస్త పైన గోడకు అంటిస్తుంది, అవి నెలల తరబడి ఎండిపోయి ఉండి కూడా నీరు తగలగానే పొదుగుతాయి. నీరు మార్చడం వీలుపడనివారు దోమ పిల్లలను చంపే బీటీఐ అనే బ్యాక్టీరియా మందును వాడవచ్చు, అది మొక్కకు హాని చేయదు.

మట్టి మిశ్రమం, కుండీ

ఎరువు కలపని పీట్ మాస్ (చిత్తడి నేలల్లో చివికిన నాచు) రెండు పాళ్లు, పెర్లైట్ (తేలికైన తెల్లని రాతి గుళికలు) ఒక పాలు కలిపితే మంచి మిశ్రమం తయారవుతుంది. పెర్లైట్ బదులు నీటి ఫిల్టర్లలో వాడే సిలికా ఇసుకను బాగా కడిగి వాడవచ్చు. మామూలు ఇసుక అయితే గుప్పెడు తీసి దాని మీద వెనిగర్ పోసి చూడాలి. నురగ పొంగిందంటే అందులో సున్నం ఉన్నట్టు, అది పనికిరాదు. నర్సరీలో దొరికే పాటింగ్ మిశ్రమాల్లో వర్మికంపోస్టు, పశువుల ఎరువు కలిపి ఉంటాయి, అవి వేర్లను కాల్చేస్తాయి. కోకోపీట్ మన దగ్గర చవకగా దొరుకుతుంది గానీ కొబ్బరి పీచులో సోడియం, పొటాషియం లవణాలు దండిగా ఉంటాయి. తప్పనిసరి అయితే దాన్ని ఆర్వో నీటిలో నానబెట్టి పిండుతూ, పిండిన నీటిలో మీటర్ 50 లోపు చూపించేదాకా కడగాలి. ఆ శ్రమకూ ఆ నీటికీ అయ్యే ఖర్చు లెక్కేసుకుంటే పీట్ మాస్ కొనడమే లాభమని నా అభిప్రాయం. ఆర్కిడ్ మొక్కల కోసం అమ్మే ఎండు స్ఫాగ్నమ్ నాచు కూడా శ్రేష్ఠమైనదే, పైగా చలికాలంలో ఎలాగూ కావాలి.

పొడి పీట్ మాస్ ఒక పట్టాన నీరు పీల్చదు. దాన్ని రాత్రంతా నానబెట్టి, చేత్తో పిసికి, ముద్దలా అయ్యాకే కుండీలో నింపాలి.

కుండీ కనీసం 15 సెంటీమీటర్ల లోతు ఉండాలి, తెల్లనిదో లేత రంగుదో అయి ఉండాలి. నర్సరీ వాళ్లిచ్చే నల్ల ప్లాస్టిక్ కుండీ ఏప్రిల్ ఎండలో ముట్టుకోలేనంతగా కాలుతుంది, అందులో వేరు బతకదు. పెద్ద మట్టి కుండీలో ఈ ప్లాస్టిక్ కుండీని దించి, రెండింటి మధ్య ఖాళీని ఇసుకతో నింపి, ఆ ఇసుకను రోజూ తడుపుతూ ఉంటే, కొత్త కుండలో నీరు చల్లబడినట్టే వేర్లు చల్లగా ఉంటాయి. దక్కను వేసవిలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఈ పద్ధతి ఇక్కడ చక్కగా పనిచేస్తుంది. తేమ ఎక్కువగా ఉండే కోస్తాలో దీని ప్రభావం తక్కువ. మట్టి కుండీలో మొక్కను నేరుగా నాటడం మాత్రం వద్దు, దాని గోడల్లో లవణాలు పేరుకుంటాయి. కుండీని సిమెంటు గచ్చు మీద ఉంచకుండా ఇటుకల మీదో చెక్క బల్ల మీదో ఎత్తులో పెట్టడం వల్ల కూడా కింది నుంచి వచ్చే సెగ బాగా తగ్గుతుంది.

ఎండాకాలం గట్టెక్కించడం

వానాకాలంలోనూ, ఫిబ్రవరిలోనూ సర్రసీనియాకు ఎంత ఎండ దొరికితే అంత మంచిది, కనీసం ఆరు గంటలు నేరుగా తగలాలి. ఎండ తక్కువైతే గొట్టాలు పలచబడి, రంగు పాలిపోయి, తమ బరువుకు తామే ఒరిగిపోతాయి. మార్చి మధ్య నుంచి జూన్‌లో మొదటి మంచి వాన పడేదాకా పరిస్థితి వేరు. ఆ రోజుల్లో ఉదయం పదకొండు దాకా ఎండ తగిలేలా ఉంచి, ఆ తర్వాత 50 శాతం షేడ్‌నెట్ కింద నీడ కల్పించాలి. తూర్పు వైపు బాల్కనీ ఉన్నవారికి ఈ పని దానంతటదే జరిగిపోతుంది. పడమటి గోడ పక్కన పెట్టిన మొక్కకు సాయంత్రం దాటాక కూడా గోడ సెగ తగులుతూనే ఉంటుంది కాబట్టి ఆ చోటు మానుకోవాలి.

వడగాడ్పులు వీచే రోజుల్లో కూజా అంచులు, మూతల కొసలు ఎండి గోధుమరంగుకు తిరుగుతాయి. అది చూసి కంగారుపడి మొక్కను గాజు పెట్టెలోనో పాలిథిన్ కవరు కిందో పెట్టేవారున్నారు. మూసిన గాజులో ఎండ పడితే నిమిషాల్లో లోపలి వేడి బయటికంటే ఎన్నో డిగ్రీలు పెరిగి మొక్క ఉడికిపోతుంది. గాలిలో తేమ కొంత తగ్గినా సర్రసీనియా తట్టుకుంటుంది, వేర్లు తడిగా, చల్లగా ఉంటే చాలు. ఎండిన అంచులను అలాగే వదిలేసి, సాయంత్రం పొద్దు వాలాక పళ్లెంలో వేడెక్కిన నీటిని పారబోసి చల్లని నీరు పోయడమే ఆ రోజుల్లో చేయవలసిన ముఖ్యమైన పని. మే నెలలో ఎదుగుదల ఆగిపోయినట్టు కనిపించినా భయపడనవసరం లేదు. వానలు పడ్డాక రెండు మూడు వారాల్లోనే కొత్త ఆకులు మొదలవుతాయి.

ఆ కొత్త ఆకును దగ్గరగా గమనించడం ఈ మొక్కను పెంచడంలో దొరికే గొప్ప సంతోషాల్లో ఒకటి. మొదట అది చదునైన పచ్చని పట్టీలా, కొస మూసుకుని లేస్తుంది. కొన్నాళ్లకు కింది నుంచి పైకి ఉబ్బుతూ గొట్టమవుతుంది, ఒక ఉదయం మూత అంచు వెంట సన్నని చీలిక కనిపిస్తుంది, మరునాటికి మూత విడిపోయి లోపలి నున్నని గోడ బయటపడుతుంది. అంచు మీద మెరిసే తేనె చుక్కల కోసం చీమలు ఆ రోజే బారులు తీరుతాయి. వాటిలో ఒకటి కాస్త లోపలికి వంగి, కాలు నిలవక జారి, కిందికి తిరిగిన వెంట్రుకల మీద పైకి ఎగబాకలేక అడుగున ఉన్న జీర్ణరసంలోకి దిగిపోవడం చూస్తే, ఈ మొక్కకు వేరే ఎరువు ఎందుకు అక్కర్లేదో అర్థమవుతుంది. ఆరుబయట ఉన్న మొక్క తన తిండి తానే సంపాదించుకుంటుంది. మాంసం ముక్కలు, అన్నం మెతుకులు, పాలు వంటివి వేయడం వల్ల గొట్టం కుళ్లడం తప్ప మరేమీ జరగదు.

చలికాలం విశ్రాంతి

పగటి వెలుగు తగ్గడం, రాత్రులు చల్లబడడం అనే రెండు సంకేతాలను కలిపి సర్రసీనియా శీతాకాలాన్ని గుర్తిస్తుంది. దాని సొంత గడ్డ మీద డిసెంబరు నెలాఖరున పగలు పది గంటల కంటే కొద్దిగా ఎక్కువ ఉంటుంది. హైదరాబాదులో అత్యల్పంగా కూడా సుమారు 11 గంటలు ఉంటుంది, డిసెంబరు రాత్రుల సగటు కనిష్ఠం 14, 15 డిగ్రీల దగ్గర ఆగుతుంది. దానివల్ల మొక్క సగం నిద్రలోకి జారుకుని, మధ్యాహ్నపు 28 డిగ్రీల వేడికి మళ్లీ మేలుకుని, కొమ్ములో దాచుకున్న పిండి పదార్థాన్ని ఖర్చు చేస్తూ ఉంటుంది. ఆ నిల్వ ఏటా తరిగిపోవడమే దాని క్షీణతకు మూలం.

ఎక్కడ నివసిస్తున్నాం అన్నదాన్ని బట్టి మార్గం ఎంచుకోవాలి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ ప్రాంతాల్లోనూ, అరకు, చింతపల్లి, లంబసింగి, హార్స్‌లీ హిల్స్ వంటి ఎత్తైన చోట్లలోనూ ఉన్నవారికి చలి సహజంగానే దొరుకుతుంది. పళ్లెంలో నీటిని అర సెంటీమీటరుకు తగ్గించి, మొక్కను ఆరుబయటే వదిలేస్తే సరిపోతుంది. హైదరాబాదు, బెంగళూరు వంటి చోట్ల మైనర్, సిట్టసీనా, వాటి సంకరాలు చల్లని ఏడాదిలో బయటే నెట్టుకురాగలవు. కానీ రాత్రులు వరుసగా ఆరు వారాలైనా 15 డిగ్రీల లోపు ఉండని ఏడాదిలో దాన్ని నమ్ముకోవడం మంచిది కాదు. కోస్తాలో, ముఖ్యంగా విశాఖపట్నం, విజయవాడ, నెల్లూరు వంటి చోట్ల, ఏ జాతికైనా ఫ్రిజ్ ఒక్కటే దారి. అమెరికాలో అట్లాంటా, డాలస్ ప్రాంతాల్లో స్థిరపడిన మనవాళ్లకు ఈ బెడద లేదు. వారి పెరట్లో వచ్చే చలి దీనికి సరిపోతుంది, కుండీ ఎండిపోకుండా చూసుకుంటే చాలు.

ఫ్రిజ్ పద్ధతికి సన్నాహాలు దీపావళి వెళ్లగానే మొదలుపెట్టాలి. మొక్కను ఇంటి ఆవరణలో అన్నిటికంటే చల్లని, గాలి ఆడే, ఉదయపు ఎండ మాత్రమే తగిలే చోటికి మార్చి, పళ్లెంలో నీటి మట్టాన్ని క్రమంగా తగ్గిస్తూ రావాలి. నాలుగు వారాల్లో కొత్త ఆకులు రావడం ఆగిపోతుంది. డిసెంబరు మొదటి వారంలో మొక్కను కుండీలోంచి తీసి, వేర్లకు అంటుకున్న పీట్‌ను ఆర్వో నీటితో మెల్లగా కడగాలి. కూజాలు ఇంకా పచ్చగానే ఉండవచ్చు, అయినా వాటిని మొదలుకు ఐదారు సెంటీమీటర్ల పైన శుభ్రమైన కత్తెరతో కోసేయాలి. లోపల కుళ్లిన పురుగులతో నిండిన గొట్టాన్ని చలిలో మూసి ఉంచితే బూజు అక్కడి నుంచే మొదలవుతుంది.

ఇప్పుడు కొమ్మును వేలితో నొక్కి చూడాలి. ఆరోగ్యమైన కొమ్ము పచ్చి అల్లంలా గట్టిగా ఉంటుంది, గోటితో గీస్తే లోపల పాలమీగడ రంగు కనిపిస్తుంది. ఎక్కడైనా మెత్తగా, గోధుమరంగులో, చెడు వాసనతో ఉంటే ఆ భాగాన్ని తెల్లని కండ కనిపించేదాకా కోసి పారేయాలి. ఆ కోతలకు, మొదలుకు గంధకం పొడి అద్దడం మంచిది; రాగి కలిసిన శిలీంద్రనాశకాలు ఈ జాతి మొక్కలకు పడవు.

స్ఫాగ్నమ్ నాచును నానబెట్టి, పిడికిలితో గట్టిగా పిండాలి. చుక్క నీరు కూడా కారకూడదు, పట్టుకుంటే మాత్రం చల్లని తడి తెలియాలి. ఆ నాచును వేర్లకు, కొమ్ముకు చుట్టి, చిగురు భాగాన్ని బయటికి ఉంచి, జిప్ కవరులో పెట్టి, కొంత గాలి వదిలి మూయాలి. కవరు మీద జాతి పేరు, పెట్టిన తేదీ రాయాలి, ఇది తినే వస్తువు కాదని కూడా స్పష్టంగా రాసి ఇంట్లో వారందరికీ చెప్పాలి. దాన్ని కూరగాయల అరలో, 3 నుంచి 6 డిగ్రీల మధ్య ఉండేచోట పెట్టాలి. ఫ్రిజ్ వెనుక గోడకు ఆనించకూడదు, అక్కడ మంచు పట్టి కణాలు చీలిపోతాయి. మగ్గిన అరటి, యాపిల్ వంటి పండ్లు వదిలే ఇథిలీన్ వాయువు మొక్కలను చెడగొడుతుంది కనుక వాటిని వేరే అరలో ఉంచాలి. చీకటిలో ఉండడం వల్ల ఈ దశలో మొక్కకు నష్టం లేదు, అంత చలిలో అది దాదాపు ఏ పనీ చేయదు.

పదిహేను రోజులకోసారి కవరు తెరిచి, గాలి మార్చి, వాసన చూడాలి. బూడిదరంగు బూజు కనిపిస్తే ఆ ఆకును కోసి, నాచు మార్చి, మళ్లీ గంధకం అద్ది పెట్టాలి. ఎనిమిది నుంచి పది వారాల విశ్రాంతి దీనికి సరిపోతుంది. ఇంకా ఎక్కువ చలి ఇస్తే మొక్కకు మేలే గానీ మన వాతావరణంలో దానికి వేరే ఇబ్బంది ఉంది. మనకు వసంతం అనదగిన కాలం ఫిబ్రవరి మొదటి నుంచి మార్చి మధ్య వరకే, ఆ ఆరేడు వారాల్లోనే మొక్క పూసి, మొదటి కూజాలు వేసి, వేసవిని ఎదుర్కొనే బలం కూడగట్టుకోవాలి. మార్చిలో బయటికి తీసిన మొక్క నేరుగా నిప్పుల్లో పడ్డట్టే. కాబట్టి ఫిబ్రవరి మొదటి వారం దాటనీయవద్దు.

ఫ్రిజ్ నుంచి తీశాక

తీసిన రోజే కొత్త మిశ్రమంలో నాటాలి. మన వేడికి పీట్ తొందరగా చివికి గాలి ఆడనీయని ముద్దగా మారుతుంది కాబట్టి ఏటా మార్చడం మంచిదే, ఫ్రిజ్ పద్ధతిలో ఆ పని ఎలాగూ కలిసివస్తుంది. కొమ్మును అడ్డంగా పడుకోబెట్టి, చిగురు సరిగ్గా ఉపరితలం దగ్గర ఉండేలా, పైన పలుచగా మాత్రమే కప్పాలి. మూడు నాలుగు రోజులు వెలుతురున్న నీడలో ఉంచి, ఆ తర్వాత గంటో రెండు గంటలో ఉదయపు ఎండ చూపిస్తూ రెండు వారాల్లో పూర్తి ఎండకు అలవాటు చేయాలి.

సర్రసీనియాలో చాలా జాతులు ముందు పువ్వు వేసి, తర్వాత కూజాలు వేస్తాయి. తన పరాగ సంపర్కానికి వచ్చే కీటకాన్ని తానే మింగకుండా ప్రకృతి చేసిన ఏర్పాటుగా దీన్ని శాస్త్రవేత్తలు భావిస్తారు. మొక్క చిన్నదైనా, కొమ్ములో కొంత కోసి తీసేసినా, ఆ ఏడు పూకాడను మొగ్గలోనే తుంచివేస్తే బలమంతా ఆకులకు వెళుతుంది. రెండు మూడు చిగుళ్లున్న కొమ్మును విడదీయడానికి కూడా ఇదే సమయం. ప్రతి ముక్కకూ వేర్లు, ఒక చిగురు ఉండేలా విరవాలి.

చీడల్లో మనకు ఎక్కువగా ఎదురయ్యేవి పిండినల్లి, పేనుబంక, తామర పురుగులు. కొత్త ఆకులు మెలికలు తిరిగి వస్తుంటే చిగురు లోపల వెతకాలి. పిండినల్లిని ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదితో ఒక్కొక్కటిగా తుడిచేయవచ్చు. పేనుబంక పట్టిన మొక్కను కుండీతో సహా వాన నీటిలో ఒక రోజంతా ముంచి ఉంచితే చాలావరకు పోతుంది. వేసవి పొడిగాలికి ఎర్రనల్లి వచ్చినప్పుడు ఆకుల మీద ఆర్వో నీటిని గట్టిగా చిమ్మడం పనిచేస్తుంది. సబ్బు నీరు, ఘాటైన నూనె మందులు లేత కూజాలను మాడ్చేస్తాయి కనుక ఒక ఆకు మీద ప్రయత్నించి చూశాకే మిగతావాటికి వాడాలి.

మొక్కను సంపాదించడం

విదేశాల నుంచి మొక్క తెప్పించుకోవాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, పంపే దేశం ఇచ్చే ఆరోగ్య ధృవపత్రం ఉండాలి. అది చాలదన్నట్టు సర్రసీనియా ప్రజాతి అంతా అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం పరిధిలో ఉంది. ఓరియోఫిలా వంటి కొన్ని మొదటి అనుబంధంలోనూ, మిగతావన్నీ రెండో అనుబంధంలోనూ ఉన్నాయి. పత్రాలు లేకుండా పొట్లంలో చుట్టి పంపుతామనే అమ్మకందారులను దూరంగా ఉంచాలి. టెక్సస్‌లోని బిగ్ థికెట్ వంటి రక్షిత ప్రాంతాలకు విహారానికి వెళ్లే మనవాళ్లు అక్కడి అలాటాను కళ్లారా చూసి రావాలి, ఒక్క వేరు కూడా తవ్వకూడదు. తడి నేలలను ఎండగట్టడం, మంటలను ఆపడం వల్ల ఈ మొక్కల సహజ ఆవాసం ఇప్పటికే చాలా భాగం పోయింది.

దేశంలోనే కృత్రిమంగా పెంచిన మొక్కలను అమ్మే పెంపకందారుల దగ్గర కొనడం సులువైన దారి. ఫొటో పంపమన్నప్పుడు కూజాల ఫొటోతో సరిపెట్టుకోకుండా కొమ్ము ఫొటో కూడా అడగాలి, మన ఎండాకాలాన్ని మొక్క కనీసం ఒకసారైనా చూసిందా అని కనుక్కోవాలి. కొనడానికి తగిన కాలం జూలై నుంచి సెప్టెంబరు. ప్రయాణపు బడలిక తీరి కుదురుకోవడానికి మొక్కకు అప్పుడే వ్యవధి ఉంటుంది.

ఓపిక ఉన్నవారు విత్తనాలతో మొదలుపెట్టవచ్చు. విత్తనాలకు కూడా చలి తగలాలి. డిసెంబరు నెలాఖరున వాటిని తడి స్ఫాగ్నమ్ పొడిలో కలిపి, చిన్న కవరులో నాలుగు నుంచి ఆరు వారాలు ఫ్రిజ్‌లో ఉంచి, ఫిబ్రవరిలో తడి పీట్ మీద చల్లాలి, పైన మట్టి కప్పకూడదు, మొలకెత్తడానికి వెలుతురు కావాలి. మొలకలను మొదటి వేసవిలో ఎండకు పెట్టకుండా ఇంట్లో ఎల్‌ఈడీ దీపాల కింద పెంచడం క్షేమం, తొలి రెండేళ్లు వాటికి చలి విశ్రాంతి ఇవ్వకపోయినా నడుస్తుంది. మూడో ఏడు డిసెంబరు నుంచి పెద్ద మొక్కలతో పాటు వాటినీ ఫ్రిజ్‌లో పెట్టాలి. పూర్తి ఎత్తు కూజాలు వేయడానికి జాతిని బట్టి మూడు నుంచి ఐదేళ్లు, కొన్నిటికి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది.